పీత కాదు, తేలు

26 జూన్ 1988, ఆదివారం

గుండూ,

మీసం వచ్చినప్పటి నుంచి అట్లా పిలవొద్దని నా ప్రాణం తీశావు. నోటుబుక్కు నాది, కలం నాది, పిలుస్తాను. పరశురాములు అని పేరు పెట్టింది మీ తాత. వేములవాడలో గుండు చేయించినప్పుడు ఆ తలకాయను చూసి పేరు పెట్టింది నేను. నిలిచింది నా పేరే.

జగిత్యాలలో ఆదివారం కాలేజీ ఈరోజు మొదలైంది. నువ్వు ఇల్లు విడిచే ముందు నింపిన ఫారమే. బడి వదిలేసిన వాళ్లు కూడా ఒక పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చని, భీవండి మగ్గాల మీదికి పోయిన మొగుళ్లకు వాడకట్టు ఆడవాళ్లందరి ఉత్తరాలూ నేనే రాస్తాను కదా, నాకేం తక్కువని ఎగదోశావు. నన్ను ఎగదోసి, నువ్వు రెండో సంవత్సరం సగంలో వదిలేసి అన్నలలో కలిశావు. తల్లిని కాలేజీకి పంపి తాను అడవికి పోయిన కొడుకు సిరిసిల్ల మొత్తంలో నువ్వు ఒక్కడివే. శాలువా కప్పాలి నీకు.

తెలుగు చెప్పే భూమయ్య సారు రోజూ ఏదో ఒకటి రాయమన్నాడు, అది కూడా పుస్తకం భాషలో రాస్తే చెయ్యి తిరుగుతుందట. అందుకే ‘అన్నడు’ అని రాయకుండా ‘అన్నాడు’ అని రాస్తున్నాను. నువ్వు చూస్తే నవ్వి చచ్చేవాడివి.

చచ్చేవాడివి అన్నది మాటవరసకే. నువ్వు చావలేదు.

ఆ సంగతి ఒక్కసారి రాసి పెడతాను, మళ్లీ రాయను. మార్చిలో కొడిమ్యాల గుట్టల్లో ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. ఒకరు పోయారు, పేరు తెలియదు. నాలుగు రోజులకు ఎవరో మా చెవిలో నీ పేరు వేస్తే నేనూ మీ నాయినా ఠాణాకు పోయాము. ఏ ఠాణా అన్నది రాయను. అప్పటికే శవాన్ని కాల్చేశారు. అక్కడ రికార్డులు రాసే రైటరు ఒక కాగితం చదివాడు. వయసు సుమారు ఇరవై రెండు, చామనఛాయ, ఎడమ ముంజేతి మీద పీత పచ్చబొట్టు. నీ చేతి మీద ఉన్నది తేలు. తేలుకూ పీతకూ తేడా తెలియని మనుషులుంటారా? ఇంటికి వచ్చి అన్నం వండుకుని తిన్నాను. మీ నాయిన తినలేదు. ఆయనకు చదవడం రాదు కనుక కాగితాల మీద నమ్మకం ఎక్కువ.

3 జులై, ఆదివారం

బస్సు కొడిమ్యాల దాటేటప్పుడు గుట్టల వైపు చూడలేదు. చూడడానికి ఏముంది, రాళ్లు.

తరగతిలో ముప్పై మంది ఉన్నాము. నేను ఎక్కిన బస్సు కండక్టరు గోవర్ధన్ నా వెనక బెంచీలోనే కూర్చున్నాడు. బస్సును డిపోలో అప్పగించి పరుగెత్తుకొచ్చాడట. కోరుట్ల నుంచి భూదేవి అని అంగన్‌వాడీ టీచరు వచ్చింది, మొగుడు దుబాయిలో ఉన్నాడు. ఇంకొకాయన మామూలు ప్యాంటూ చొక్కాలోనే వచ్చాడు కానీ వెనక నుంచి మెడ చూడగానే తెలిసింది. చెవుల మీద దాకా గొరిగిన ఆ క్షవరం ఈ జిల్లాలో ఒక్క డిపార్ట్‌మెంటుకే చేస్తారు. పేరు కిష్టయ్య, కోనరావుపేట వాడు. హాజరు పిలిస్తే లేచి నిలబడి మడమలు కొట్టాడు.

నేను రాసిన రెండు పేజీలు (ఇవి కాదు, వేరేవి, మన వాడకట్టు నల్లా దగ్గర కొట్లాట గురించి) సారు అందరికీ చదివి వినిపించాడు. ఆ తర్వాత తన ఆలోచన చెప్పాడు. తరగతికి గంట ముందు కొందరు రావాలి. రాయడం వచ్చిన వాళ్లు రాని వాళ్ల పక్కన కూర్చోవాలి. సారు పక్కన కూర్చుంటే చెమటలు పడతాయి కానీ తోటి మనిషి పక్కన కూర్చుంటే చెయ్యి ఆడుతుందని ఆయన లెక్క. దానికి ‘రాతసాయం’ అని పేరు పెట్టాడు. మొదటి రాతసాయం నేను. నాకు ముగ్గురిని అప్పజెప్పాడు, గోవర్ధన్, భూదేవి, కిష్టయ్య.

నలభై రెండేళ్లు వచ్చాయి, బీడీలు చేసి వేళ్లు పచ్చబడ్డాయి, నాకు సారు పక్క కుర్చీ ఏమిటి అనుకున్నాను. కానీ టీ పోస్తారట. అందుకే ఒప్పుకున్నాను.

5 జులై

టీ కోసం కాదు.

కిష్టయ్య పనిచేసేది ఆ ఠాణాలోనే. హాజరులో తానే చెప్పాడు. ఆ పీత పచ్చబొట్టు పిల్లగాడు ఎవరో అతనికి తెలిసి ఉండొచ్చు. మెల్లగా అడిగి తెలుసుకుంటే, వాళ్ల ఇల్లు వెతికి వాళ్ల అమ్మకు చెప్పి రావచ్చు. పాపం, కొడుకు ఉన్నాడనుకుని ఇంకా ఎదురు చూస్తూ ఉంటుంది.

మీ నాయినకు చెప్పలేదు. ఆయనకు ఏం చెప్పినా దండోరా వేసినట్టే. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్‌ల మధ్య నిలబడి చెవులు పోయాయి, తనకు వినబడేటట్టు మాట్లాడతాడు, వాడకట్టు మొత్తం వింటుంది. నిన్న అన్నం ముందు కూర్చుని, “గీ పెత్రమాసకు మనోని పేరు మీద బియ్యం ఇద్దామే,” అన్నాడు. మూడిళ్ల అవతల కనకవ్వ ముసల్ది చేస్తున్న బీడీ ఆపింది.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు ఇంట్లో పోయిన వాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాము. పోయిన వాళ్లకు. బతికున్న వాడి పేరు మీద ఇస్తే అయ్యగారు తింటాడు, అరిగించుకుంటాడు, అంతే. పెత్రమాస అక్టోబర్ పదిన. అప్పటికల్లా ఆ పీత పిల్లగాడు ఎవరో తేల్చి మీ నాయిన ముందు పెడతాను.

10 జులై, ఆదివారం

రాతసాయం మొదటి రోజు. అంశం ‘నా జీవితంలో మరపురాని రోజు’. గోవర్ధన్ ఏం రాయాలక్కా అని తల గోక్కున్నాడు. భూదేవి కలం మూత కొరికింది. కిష్టయ్య బోర్డు మీది అంశాన్ని నాలుగుసార్లు రాసి కింద గీతలు గీశాడు. వాళ్లను చూస్తే జాలేసింది. ఇటివ్వండని మూడు కాగితాలూ తీసుకుని గంటలో ముగ్గురికీ రాసిచ్చాను. ఇంటి దగ్గర మీ మీ చేతిరాతతో ఎత్తి రాసుకుని ఇవ్వమన్నాను.

భీవండి ఉత్తరాలు కూడా నేను ఇంత తొందరగా రాయలేదు. కాలేజీ అంటే పెద్దగా ఏమీ లేదు.

17 జులై

బంద్. బస్సులు లేవు, కాలేజీ లేదు.

సిరిసిల్ల బస్టాండు గోడకు అన్నల కాగితం అంటించి ఉంది. చేతిరాత నీదేనేమోనని దగ్గరికి పోయి చదివాను. ఒకే వాక్యం పై నుంచి కిందికి ఊపిరి పీల్చుకోకుండా దిగింది. నీది కాదు. నువ్వు రాస్తే మధ్యలో ఒక తిట్టన్నా ఉండేది. వాళ్లకు కూడా ఒక రాతసాయం కావాలి.

24 జులై, ఆదివారం

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు, కానీ రాస్తాను.

సారు కాగితాలు తెచ్చి మొదట గోవర్ధన్‌ది చదివాడు. “ఆ రోజు పొద్దుననే నాకు నొప్పులు మొదలైనాయి. మా అత్త నన్ను తిట్టుకుంటూనే నీళ్లు కాచింది. ఎండ ఎక్కే వేళకు కొడుకును కన్నాను. వాడి తల ఎంత పెద్దదో కన్న నాకే తెలుసు.”

తరగతి పైకప్పు లేచిపోయింది. సారు నవ్వకుండా రెండోది తీశాడు. కిష్టయ్యది. అతనికి కూడా పొద్దుననే నొప్పులు మొదలైనాయి. అత్త నీళ్లు కాచింది. అతని కొడుకు తల కూడా పెద్దదే.

ఎట్లా జరిగిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఉత్తరాలు రాసేటప్పుడు వాడకట్టు ఆడవాళ్లు వాళ్ల బాధ నాలుగు మాటలు చెబుతారు, నేను నాది కలిపి నలభై రాస్తాను, వాళ్లు వేలిముద్ర వేసి డబ్బాలో వేస్తారు. ఇన్నేళ్లలో ఎవరూ వద్దనలేదు. ఇక్కడ కూడా కలం కాగితం మీద పెట్టగానే మరపురాని రోజు అంటే నాకు ఒక్కటే వచ్చింది. మూడుసార్లూ అదే వచ్చింది.

సారు గోవర్ధన్‌ను ఏ దవాఖానలో కన్నావని అడిగాడు. అతను వేములవాడకూ మల్యాలకూ మధ్య టికెట్లు కొడుతూ ఎత్తి రాశాడట, ఏం రాస్తున్నాడో చూసుకోలేదు. కిష్టయ్య లేచి నిలబడి, “పైనుంచి అచ్చింది అచ్చినట్టే రాసిన సార్, మాకు గదే అలవాటు,” అన్నాడు. భూదేవి ఒక్కతే తన కాగితం ఇవ్వలేదు. చదివి చూసిందట. ఆమెకు పిల్లలు లేరు.

అందరూ పోయాక సారు నన్ను ఆపాడు. గొంతు పెంచలేదు.

“బాలమణమ్మా, నువ్వు సాయం జెయ్యలే. ముగ్గురు మనుషులకు తలొక రోజుండె. మూడూ నువ్వే గుంజుకున్నవ్.”

ఇంకెప్పుడూ వాళ్ల కలం ముట్టవద్దన్నాడు. చెయ్యి ఆగకపోతే తొడల కింద పెట్టుకుని కూర్చొమ్మన్నాడు. మాట అందించవద్దు, అడగాలి. అది కూడా మనకు తెలియనిదే అడగాలి. తెలిసింది అడిగితే అది అడగడం కాదు, వాళ్ల నోట్లో మన మాట పెట్టడమట. ఈసారి ఇట్లా చేస్తే రాతసాయం తీసేస్తానన్నాడు.

తిరుగు బస్సులో గోవర్ధన్ టికెట్ చింపి చేతిలో పెడుతూ, “అక్కా, ఇద్దరం కలిసి కన్నం గద, పిలగానికి పేరేం పెడ్దాం?” అన్నాడు. నవ్వు వచ్చింది. వేములవాడ దాకా ఆగలేదు. ఆ తర్వాత అది నవ్వు కాదు కానీ, బస్సులో అందరూ నవ్వేననుకున్నారు.

31 జులై, ఆదివారం

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటే తిమ్మిరెక్కుతాయి. ఈ సంగతి సారు చెప్పలేదు.

భూదేవి పక్కన కూర్చున్నాను. మరపురాని రోజు ఏదని అడిగాను. ఏమీ లేదక్కా అంది. నేనైతే ఈపాటికి రాసేసేదాన్ని: దుబాయికి పోయిన మొగుడు, ఏడాదిన్నరకు గొంతు నింపి పంపిన ఒక క్యాసెట్టు, తలుపు దగ్గర నిలబడి ఎదురుచూపు. నాలుక చివర ఉంది. కొరుక్కున్నాను. పోనీ ఎప్పుడన్నా ఒక్కదానివే ఎక్కడికన్నా పోయావా అన్నాను. నిజంగా నాకు తెలియదు కనుక అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. అత్తకు మీటింగ్ అని చెప్పి కోరుట్లలో సినిమాకు పోయిందట. ఒక్కతే. తర్వాత? ఇంటర్వెల్లో రెండు సమోసాలు తిన్నది. తర్వాత? ఇంకొకటి తిన్నది. తర్వాత? సినిమా ఏమీ గుర్తు లేదు కానీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటే దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నది, ఏడేళ్ల కాపురంలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. అదే రాయి అన్నాను. పేజీన్నర రాసింది, తలెత్తలేదు.

నేను రాసి ఉంటే మొగుడి కోసం ఏడ్చి ఉండేది. తాను రాసుకుంది కనుక మూడు సమోసాలు తిన్నది.

7 ఆగస్టు

మల్యాల దగ్గర బస్సు ఆపి సంచులు వెతికారు. కొత్తగా చేరిన పోలీసు పిల్లగాడు ఈ నోటుబుక్కు తీశాడు. మొదటి మాట ఒక్కటే చదివి ఈ గుండు ఎవరని అడిగాడు. మా ఆయన అన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి, సిగ్గుపడి, ఇచ్చేశాడు.

మీ నాయినకు తల నిండా జుట్టుంది. అడిగితే ఏం చెప్పేదాన్నో.

21 ఆగస్టు, ఆదివారం

ఈసారి కిష్టయ్య. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. డిగ్రీ ఉంటే రైటరు పని ఇస్తారని వస్తున్నాడట. తన ఇంటి గురించి రాయమంటే ఇట్లా రాశాడు: “సదరు గ్రామమందు సదరు నా తల్లి నివసించుచుండగా సదరు బర్రె ఈనినది.”

ఈ సదరు ఎవరు అని అడిగాను. ఎవరూ కాదట, అది లేకపోతే కాగితం చెల్లదట.

మీ అమ్మ ఎట్లా ఉంటుందో చూసింది చూసినట్టు రాయమన్నాను. కలం కింద పెట్టాడు.

“మాకు చూసింది రాసే పని ఉండదక్కా,” అన్నాడు. “చెప్పింది రాసుడే. పంచనామల కూడ గంతే. చూసేటోడు ఒకడు, చెప్పేటోడు ఒకడు, రాసేటోడు ఒకడు.”

పంచనామా మాట అతనే తెచ్చాడు. మార్చిలో అక్కడే ఉన్నావా అని అడుగుదామనుకున్నాను. నోరు తెరిచాను. బర్రెకు ఏ దూడ పుట్టింది అని అడిగాను.

పెయ్య దూడ.

4 సెప్టెంబర్

మీ నాయినతో పెద్ద పంచాయితీ అయింది. పెత్రమాస దగ్గరికొచ్చింది, మా అయ్య పేరు, మా అవ్వ పేరు చెప్పి పిలగాని పేరు ఇడిసిపెడితే వాడు వేరేవాళ్ల వాకిట్లో నిలబడతాడు అన్నాడు. బతికున్న వాడు ఎక్కడైనా నిలబడతాడు, కాళ్లున్నాయి అన్నాను.

“కాయితంల పచ్చబొట్టు రాసి ఉండెగదనే,” అన్నాడు.

“పీత అని ఉండె. మనోనిది తేలు,” అన్నాను.

“గా తేలుకు తోకేదే?” అన్నాడు.

కనకవ్వ బీడీల చేట దింపి వాకిట్లోకి వచ్చింది. పగవాళ్లు కూడా అట్లా అడగరు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

సరే, నీకు పదకొండేళ్లప్పుడు వేములవాడ శివరాత్రి జాతరలో తేలు పొడిపించుకుంటానని ఏడ్చావు. సూది పెట్టగానే అంతకంటే ఎక్కువ ఏడ్చావు. తలకాయ అయింది, ముందరి రెండు చేతులు అయ్యాయి, కాళ్లయ్యాయి, తోక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గుంజుకుని జనంలో పడి పరుగెత్తావు. పచ్చబొట్లామె సూది పట్టుకుని నీ వెనక, నేను ఆమె వెనక. గుడి కోడెలను కట్టేసే సాలు దగ్గర దొరికావు, కానీ తోకకు ఒప్పుకోలేదు. ఆ తర్వాత పదేళ్లు అందరికీ తోక లోపలికి ముడుచుకుందని చెప్పుకున్నావు.

అయితే ఏమిటి? తోక తెగిన బల్లిని కప్ప అంటామా? తోక లేకపోయినా తేలు తేలే.

18 సెప్టెంబర్, ఆదివారం

కిష్టయ్య తనకు మరపురాని రోజు ఒకటి ఉందన్నాడు. ఇదివరకు రాయాలనిపించలేదట, ఈ మధ్య సదరు లేకుండా రాయడం వస్తుంటే అదే చేతికి వస్తున్నదట. మార్చిలో దవాఖాన వెనక గది దగ్గర ఒక శవానికి కాపలా ఉన్న రోజు. రాయవచ్చా అక్కా, అని నన్ను అడిగాడు.

ఇన్నాళ్లూ దీనికోసమే కూర్చున్నాను. ఇప్పుడు వద్దనాలనిపించింది. బర్రె గురించి రాయి, మంచి బర్రె అనాలనిపించింది.

నీ ఇష్టం, అన్నాను.

“ఆ రోజు పొద్దున ఆరు పూరీలు తిని డ్యూటీకి పోయినాను,” అని రాశాడు. అంతలో గంట కొట్టారు.

20 సెప్టెంబర్

బీడీలు అన్నీ వంకరగా వస్తున్నాయి.

22 సెప్టెంబర్

కొడిమ్యాల గుట్టల్లో ఎంతమంది తిరుగుతారు? వేములవాడ జాతరకు ఎంతమంది పోతారు? చిన్నపిల్లలందరూ సూదికి భయపడతారు. తోక దగ్గర పారిపోయిన వాడు నువ్వు ఒక్కడివేనా?

25 సెప్టెంబర్, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. సదరు వాడను.

గంట ముందే పోయాను. కిష్టయ్య నా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. పక్కన కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాను. అతను రాస్తుంటే నేను చదువుతున్నాను. రైటరు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడట, వాసనకు లోపలికి రానన్నాడట. గుర్తులు చూసి చెప్పమని ఇతన్ని లోపలికి పంపాడట. “ఎడమ చేతి మీద పీత బొమ్మ పచ్చబొట్టు ఉన్నది” అని రాసి కిందికి దిగబోయాడు.

అడగకుండా ఉండవచ్చు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. సారు కూడా టిక్కు పెడతాడు.

“పీత అన్నది పేరు. కండ్లకు ఏం గనబడ్డది?” అని అడిగాను.

కలం ఆపి ఆలోచించాడు. ముందర రెండు పెద్ద చేతులు ఉన్నాయన్నాడు. పక్కలకు కాళ్లు. రాయమన్నాను, రాశాడు.

“ఎన్క?” అన్నాను.

“ఎన్క ఏం లేదక్కా. సన్నగ ఒక గీత షురూ జేసి ఇడిసిపెట్టినట్టుండె. నాగ్గూడ గదేందో అనిపిచ్చింది. రైటర్‌కు జెప్తే, పీత అని రాయి, జల్దీ తెములుతది అన్నడు. రాసిన.”

నా చేతులు తొడల కింద ఉన్నాయి. అక్కడ లేకపోతే ఏం చేసి ఉండేవో నాకు తెలియదు.

కిష్టయ్య తలెత్తి నన్ను చూశాడు. ఇన్ని రోజులూ అక్కా అన్న వాడు, “అవ్వా,” అన్నాడు. “గాయన నీకు…”

“రాయి,” అన్నాను.

“నేను కాల్వలే అవ్వా.”

“నేను అడగలే. తర్వాత ఏమైందో రాయి.”

రాశాడు. ఆ మిగతాది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, ఒక్క మాట మార్చకుండా.

“డాక్టరు కోసి చూసి కడుపులో ఏమీ లేదు, రెండు రోజులు అయి ఉంటది తినక అని చెప్పినాడు. అది రాసుకో అన్నాడు. నేను రాసుకున్నాను. నాకు ఆరు పూరీలు గొంతులోకి వచ్చినవి. ఆ రోజు నుంచి నాకు పూరీలు పోతలేవు. ఇడ్లీ తింటున్నాను. ఇది నాకు మరపురాని రోజు.”

కలం మూత పెట్టాడు. నేను కలం ముట్టలేదు. ఈ కాగితం సారుకు ఇవ్వకు, నీ ఉద్యోగం పోతుంది, నాకు ఇవ్వు అన్నాను. ఇచ్చాడు. తరగతికి ఉండకుండా వెళ్లిపోయాడు. నేను ఉన్నాను. సంధులు చెప్పారు. రాసుకున్నాను.

కిష్టయ్య మీద కోపం రావాలి. బస్సులో దారంతా వెతికాను, ఈరోజుకు దొరకలేదు. రేపు దొరకవచ్చు.

26 సెప్టెంబర్

ఏమీ రాయను.

28 సెప్టెంబర్

సదరు మృతుడు పరశురాములు తండ్రి మొగిలయ్య, వయసు ఇరవై రెండు, పద్మశాలి, నివాసం సిరిసిల్ల, ఎడమ చేతి మీద తోక లేని తేలు, సదరు బాలమణికి ఒక్కడే కొడుకు.

ఆ మాట ఎందుకు పెడతారో తెలిసింది. అది ఉంటే చెయ్యి ఆగకుండా కదులుతుంది.

2 అక్టోబర్

గాంధీ జయంతి, కాలేజీకి సెలవు. పవర్‌లూమ్ సాంచెలు కూడా బంద్, మీ నాయిన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున చాయ్ తాగేటప్పుడు చెప్పాను. వినబడలేదు. దగ్గరికి జరిగి చెప్పాను. ఏంది, అన్నాడు. ఇంకా దగ్గరికి జరిగి చెప్పాను, చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అరిచాను గుండూ. మనోడు సచ్చిపోయిండు అని వాకిట్లో నిలబడి అరిచాను. ఆరు నెలలు ఎవరు నోట అనబోయినా కొట్లాడిన మాటను నేనే మూడుసార్లు అరిచాను, మూడోసారికి ఆయనకు వినబడింది. కనకవ్వ వచ్చింది, వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చారు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, “నాకెర్కే బాలమణీ, నీకు తెలువాలె గదాని జూస్తున్న,” అన్నాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. ఇప్పుడు మెల్లగా మాట్లాడి ఏం లాభం, అందరూ అక్కడే ఉన్నారు.

నీ కడుపు ఖాళీగా ఉన్న సంగతి ఆయనకు చెప్పలేదు. అది నీకూ నాకూ మధ్యనే.

9 అక్టోబర్, ఆదివారం

కిష్టయ్య వస్తాడనుకోలేదు. వచ్చాడు. బర్రె బావిలో పడిన రోజు గురించి రాయడం మొదలుపెట్టాడు. తర్వాత? తాడు తెచ్చారట. తర్వాత? తాడు తెగిందట. తర్వాత? వాళ్లమ్మ బావి గట్టున నిలబడి, కొడుకును తిట్టిన తిట్లన్నీ బర్రెను తిట్టిందట. ఆ తిట్లన్నీ రాశాడు. సారు చదివి కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. మూడు పేజీల్లో రెండు సదరులు ఉన్నాయి, ఒకటి బర్రెకు, ఒకటి అలవాటుకు.

కోపం కాస్త దొరికింది. అతని పక్కన కూర్చున్నప్పుడు మెడ మీద ఆ క్షవరం చూస్తే దొరికింది. అయినా తర్వాత ఏమైంది అని అడిగాను.

సారు వచ్చే వారం నుంచి నాకు ఇంకా ఇద్దరిని ఇస్తానన్నాడు. ఒకామె ఎల్లంతకుంట నుంచి వస్తుందట, అన్నీ ఏడుస్తూ రాస్తుందట. నా చేతులు తిమ్మిరెక్కుతాయి సారూ, చెక్క కుర్చీ కాదు, మెత్త వేసిన కుర్చీ కావాలి అన్నాను. చూద్దామన్నాడు.

10 అక్టోబర్, పెత్రమాస

పొద్దున అయ్యగారు వచ్చాడు. ఇంకా పదిళ్లు తిరగాలట, తొందరగా పేర్లు చెప్పమన్నాడు. మీ నాయిన వాళ్ల అయ్య పేరు చెప్పాడు, అవ్వ పేరు చెప్పాడు, ఆగాడు. నా వైపు చూశాడు. నేను చెప్పాను. అయ్యగారికి ఒకసారి వినబడలేదు, మళ్లీ చెప్పాను. పరశురాములు. బియ్యం, గుమ్మడికాయ, చింతపండు, ఉప్పు పెట్టి చేట ఇచ్చాను. అయ్యగారు ఆ పేరును మిగతా పేర్లతో కలిపి గబగబా చదివేసి మూట కట్టుకుని పోయాడు. ఆయన మూట ఆయనది.

ఆయన పోయాక అసలు వంట మొదలుపెట్టాను. ఇంట్లో ఇద్దరమే ఉన్నాము, పది మందికి వండాను. మీ నాయిన పొయ్యి దగ్గరికి వచ్చి చూసి ఇంకో కట్టె ఎగదోశాడు. తలకాయ కూర కారం ఎక్కువ వేసి చేశాను. గారెలు చేశాను. జొన్న రొట్టెలు పన్నెండు చేశాను, పప్పుచారు వేరే. ఇస్తరాకు వేసి అన్నీ వడ్డించి ఇంటి కప్పు రేకుల మీద పెట్టి వచ్చాను. బయట ఆడపిల్లలు బతుకమ్మ పేరుస్తున్నారు. ఇప్పుడు వాకిట్లో కూర్చుని రాస్తున్నాను, పైకి చూడడం లేదు. ఎవరైనా చూస్తుంటే నీకు తినబుద్ధి కాదు.

గుండూ, రొట్టె మెత్తగా ఉన్నప్పుడే తిను. కూర చాలకపోతే కుండలో ఇంకా ఉంది. తొందర లేదు. కడుపునిండా తిను.